గట్టివాళ్ళు పాడిన మెత్తని పాటలు

సంగీతానికి ఎల్లలు లేవంటారు. సభల్లో ఈ మాట అనని వక్త లేడు. తీరా అలా అన్న పెద్దలే, హాస్టలు గదిలోంచి ఎలక్ట్రిక్ గిటారు మోత వినబడితే చాలు, కిటికీ తలుపులు వేసుకుంటారు. వారి దృష్టిలో రాక్ సంగీతమంటే జుట్టు పెంచుకున్న కుర్రకారు చేసే గోల. పోనీ, రాక్ సంగీతం బాగా తెలిసిన మిత్రులేమైనా ఉదారులా అంటే అదీ లేదు. వాళ్ళకి రాక్ అంటే ఉరుము, మెరుపు, తిరుగుబాటు. అదే రాక్ బృందం ఒక నెమ్మదైన విరహగీతం పాడిందో, "అయిపోయింది, వీళ్ళు అమ్ముడుపోయారు" అని పెదవి విరుస్తారు.

ఈ రెండు వర్గాల మధ్యా నలిగిపోయిన పాటల జాతి ఒకటుంది. దాన్ని పవర్ బ్యాలడ్ అంటారు. ఒకరికి అది మరీ మోత. ఇంకొకరికి అది మరీ మెత్తన. ఇద్దరూ తిట్టారు. అయినా యాభై ఏళ్ళుగా అది చావలేదు. ఎందుకు చావలేదన్నదే నా ప్రశ్న. నాకు తోచిన జవాబు కూడా ఈ నాలుగు పేజీల్లో విన్నవించుకుంటాను. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం పాఠకుల ఇష్టం.

ముందు పేరు సంగతి. బ్యాలడ్ అంటే ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాళ్ళు కథాగీతమని అర్థం చెబుతారు. మన వీరగాథలకి దూరపు చుట్టమన్నమాట. కాని పాటల వ్యాపారంలో ఆ మాట అర్థం ఎప్పుడో మారిపోయింది. నెమ్మదిగా సాగే ప్రేమగీతాన్ని, విరహగీతాన్ని అక్కడ బ్యాలడ్ అనడం అలవాటు. దానికి రాక్ బృందం బలం తోడైతే పవర్ బ్యాలడ్.

దీని నడక దాదాపు అన్ని పాటల్లోనూ ఒకటే. మొదట ఒక్క పియానో గాని, ఒక్క గిటారు గాని వినిపిస్తుంది. గాయకుడు కింది స్థాయిలో, పక్కవాడితో మాట్లాడుతున్నట్టు మొదలుపెడతాడు. డ్రమ్ములు వాయించేవాడు చేతులు కట్టుకు కూచుంటాడు. చరణం అయిపోయి పల్లవి వచ్చేసరికి గొంతు పైకి లేస్తుంది. డ్రమ్ములు దిగుతాయి. మధ్యలో ఒక గిటారు ముందుకొచ్చి, మాటలకి అందనిది తాను చెప్పిపోతుంది. చివరి పల్లవిలో అందరూ కలుస్తారు. కొందరు అక్కడ శ్రుతిని కూడా ఒక మెట్టు పెంచుతారు. ఆ తరవాత చాలాసార్లు పాట మళ్ళీ సన్నబడి, మొదలైన చోటికే వచ్చి ఆగుతుంది. మన కీర్తనలో పల్లవి కింద మొదలై, అనుపల్లవి తారషడ్జాన్ని అందుకుని, మళ్ళీ పల్లవికి దిగివచ్చినప్పుడు కలిగే తృప్తి ఎరిగినవాళ్ళకి ఈ నడక మరీ కొత్తేమీ కాదు.

మన సంగీతం తెలిసినవారికి ఆసక్తి కలిగించే సంగతి మరొకటి ఉంది. రాక్ గిటారులో తరచుగా వినిపించేది పవర్ కార్డ్. పేరు చూసి బెదరనక్కరలేదు. అందులో ఉన్నవి రెండే స్వరాలు, షడ్జమూ పంచమమూ. మన తంబురా తీగలు పలికే జంటే అది! గిటారు ధ్వనిని ఆంప్లిఫయర్లో కావాలని బొంగురుచేస్తారు గదా, అప్పుడు గాంధారం కూడా కలిపితే శబ్దం కలగాపులగమైపోతుంది. అందుకని దాన్ని వదిలేస్తారు. కాని పాశ్చాత్య సంగీతంలో ఇది సంతోషమా, విషాదమా అని ముఖ్యంగా తేల్చేది ఆ గాంధారమే. దాన్ని తీసేస్తే మిగిలేది బలం. ఏ భావమూ అంటని ఉత్త బలం. ఇక భావమంతా గొంతే మొయ్యాలి. అంతటి బలాన్ని వెనక నిలబెట్టుకుని, ముందు నిలబడి తన నిస్సహాయత చెప్పుకునే గొంతు. పవర్ బ్యాలడ్ అంతా ఈ ఒక్క వాక్యంలో ఉందని నా అభిప్రాయం.

చరిత్రలోకి వద్దాం. ఫలానా రోజున పుట్టిందని చెప్పడానికి దీనికి జాతకచక్రం లేదు. 1970లో బ్రిటన్‌కి చెందిన బ్యాడ్‌ఫింగర్ బృందం 'వితవుట్ యూ' అనే పాట పాడింది. పీట్ హామ్, టామ్ ఎవాన్స్ అనే ఇద్దరు మిత్రులు చెరో అసంపూర్తి పాట చేతిలో పట్టుకుని ఉండగా, ఒకరి చరణానికి ఇంకొకరి పల్లవి అతికితే తయారైన పాట అది. హ్యారీ నిల్సన్ దాన్ని మళ్ళీ పాడితే 1972లో ఇటు బ్రిటన్‌లోనూ అటు అమెరికాలోనూ మొదటి స్థానానికి చేరింది. 1971లో లెడ్ జెపెలిన్ వారి 'స్టెయిర్‌వే టు హెవెన్' వచ్చింది. ఎనిమిది నిమిషాల పాట. డ్రమ్ములు వినిపించేది నాలుగు నిమిషాలు దాటాక! అది అచ్చమైన పవర్ బ్యాలడ్ కాదని వాదించేవారున్నారు. నేను కాదనను. కాని ఆగి ఆగి పేలడంలో ఉన్న రుచి ఆ తరానికి చూపించింది ఆ పాటే.

1972లో ఇంకో చిత్రం జరిగింది. కార్పెంటర్స్ అనే అన్నాచెల్లెళ్ళు అమెరికాలో ఎంతో సౌమ్యమైన పాటలకి పేరుపొందినవాళ్ళు. 'గుడ్‌బై టు లవ్' అనే పాటలో అన్న రిచర్డ్, టోనీ పెలూసో అనే కుర్రవాడి చేత బొంగురు గిటారు వాయించాడు. అంతే! మీరూ గోలలో కలిసిపోయారా అంటూ అభిమానులు కొందరు కోపంగా ఉత్తరాలు రాశారట. మెత్తనివాళ్ళు గట్టిదనం అరువు తెచ్చుకుంటే అటునుంచి తిట్లు పడ్డాయి. గట్టివాళ్ళు మెత్తబడితే ఇటునుంచి పడ్డాయి. ఈ పాటల జాతకం మొదటినుంచీ అంతే.

ఆ దశాబ్దంలోనే ఏరోస్మిత్ వారి 'డ్రీమ్ ఆన్', స్టిక్స్ వారి 'లేడీ' వచ్చాయి. రెండూ 1973లో వచ్చి, అప్పట్లో ఎవరికీ పట్టక, 'లేడీ' 1975లో, 'డ్రీమ్ ఆన్' 1976లో అమెరికాలో ఆరో స్థానానికి ఎక్కాయి. ఓపిక నేర్పే పాటలకి ఓపిక పట్టాల్సిరావడం న్యాయమేనేమో. ఇక 1976లో కిస్ బృందం సంగతి చూడండి. మొహాలకి తెలుపు నలుపు రంగులు పూసుకుని, వేదిక మీద నిప్పు ఊదుతూ, నోట్లోంచి నెత్తురు కార్చే వేషగాళ్ళు వాళ్ళు. వాళ్ళు 'బెత్' అనే పాటని మరో పాటకి వెనకవైపున, ఎవరూ వినరులే అన్నట్టు పెట్టారు. రేడియోవాళ్ళు రికార్డు తిరగేసి ఆ వెనకవైపే వేశారు. అమెరికాలో ఆ బృందానికి అంతదాకా దక్కని స్థానం, ఏడోది, ఆ పాటకి దక్కింది. పాడినవాడు డ్రమ్ములు వాయించే పీటర్ క్రిస్. పాటలో డ్రమ్ములు మాత్రం లేవు!

1980ల నాటికి పరిస్థితి మారింది. దానికి కారణాలు రెండు. మొదటిది సాంకేతికమైనది. 1979లో లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో పీటర్ గాబ్రియేల్ రికార్డు తయారవుతుండగా, ఫిల్ కాలిన్స్ డ్రమ్ములు వాయిస్తున్నాడు. వాయిద్యకారులతో మాట్లాడుకోవడానికి గదిలో పెట్టిన మైకులోంచి ఆ మోత విచిత్రంగా వినబడి, ఇంజనీరు హ్యూ పాడ్గం చెవిన పడింది. గదిలో మారుమోగే ధ్వనిని పెద్దది చేసి, అది దానంతట అది సన్నగిల్లేలోపలే కత్తితో కోసినట్టు ఆపెయ్యడం, ఇదీ ఆ కిటుకు. 1981లో కాలిన్స్ 'ఇన్ ది ఎయిర్ టునైట్' పాటలో మూడున్నర నిమిషాలకి పైగా యంత్రం కొట్టే సన్నని తాళంతో నడిపించి, ఆ తరవాత ఈ డ్రమ్ముల్ని ఒక్కసారి వదిలాడు. ఇక ఆ దశాబ్దమంతా ఆ మోతే.

రెండోది వ్యాపారపరమైనది. 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ మొదలైంది. పాట వినేదే కాక చూసేదీ అయింది. జర్నీ వారి 'ఓపెన్ ఆర్మ్స్' 1982లో ఆరు వారాలపాటు రెండో స్థానంలో కూచుంది. ఆ బృందంలో గిటారు వాయించే నీల్ షాన్‌కి మొదట ఆ పాట నచ్చలేదంటారు. 1983లో బానీ టైలర్, 'టోటల్ ఎక్లిప్స్ ఆఫ్ ది హార్ట్'. 1984లో జర్మనీ నుంచి స్కార్పియన్స్, 'స్టిల్ లవింగ్ యూ'. అదే ఏడాది ఫారినర్ బృందం న్యూజెర్సీ నుంచి ఒక చర్చి గాయకబృందాన్ని వెనక నిలబెట్టి 'ఐ వాంట్ టు నో వాట్ లవ్ ఈజ్' పాడింది. ఎనభైల చివరికి జుట్టుకి తైలాలు, కళ్ళకి కాటుక పెట్టుకున్న ప్రతి బృందమూ ప్రతి రికార్డులో ఒకటో రెండో ఇలాంటి పాటలు పెట్టడం ఆనవాయితీ అయిపోయింది. 1988 డిసెంబరులో పాయిజన్ వారి 'ఎవ్రీ రోజ్ హాజ్ ఇట్స్ థార్న్' అమెరికాలో మొదటి స్థానం. 1989లో బాన్ జోవీ వంతు.

ఈ వరసలో ఒక్క పాట దగ్గర కాస్త ఆగుతాను. 1983 ఆగస్టు 3న మినియాపొలిస్ నగరంలో ఫస్ట్ అవెన్యూ అనే క్లబ్బులో ప్రిన్స్ ఒక కొత్త పాట పాడాడు. ఆ రాత్రి రికార్డు చేసినదే, కొద్ది మార్పులతో, 'పర్పుల్ రెయిన్'. విడుదలకి ముందు ప్రిన్స్‌కి ఒక సందేహం వచ్చింది. తన పాట స్వరాల వరస జర్నీ వారి 'ఫెయిత్‌ఫుల్లీ'ని పోలి ఉందేమోనని. ఆ పాట రాసిన జోనథన్ కెయిన్‌కి తనే ఫోను చేసి, పాట వినిపించి అడిగాడు. కెయిన్ అభ్యంతరం లేదన్నాడు. ప్రిన్స్ నల్లవాడు, ఎవరి పెట్టెలోనూ ఇమడనివాడు. కెయిన్ తెల్లవాళ్ళ రాక్ బృందం మనిషి. రేడియో స్టేషన్లు వాళ్ళని వేరువేరు గదుల్లో పెట్టాయి గాని, పాట ఆ గోడ ఎప్పుడో దూకేసింది. 2007లో మయామీలో, ఫుట్‌బాల్ ఆట మధ్యలో, కోట్లాదిమంది టీవీల్లో చూస్తుండగా ప్రిన్స్ ఆ పాట పాడుతుంటే నిజంగానే వాన కురిసింది. ఆ దృశ్యం చూసినవారెవరూ మరిచిపోరు.

సరే, ఇక ఆక్షేపణల సంగతి.

మొదటి ఆక్షేపణ: ఇవి డబ్బుకోసం పాడిన పాటలు. నిజమే. రికార్డు కంపెనీలు ధర్మసత్రాలు కావు. మెత్తని పాట ఒకటుంటే ఆడపిల్లలు కూడా కొంటారన్న లెక్క వాళ్ళకి ఉంది. కాని డబ్బు వచ్చింది గనక పాట అబద్ధమనడం ఏ తర్కం? 'వితవుట్ యూ' రాసిన ఆ ఇద్దరు మిత్రులూ డబ్బు తగాదాల్లో నలిగి, ఒకరు 1975లో, ఇంకొకరు 1983లో ఆత్మహత్య చేసుకున్నారు. లోకమంతా పాడుకున్న పాట రాసినవాళ్ళ గతి అది. వ్యాపారం చేసినవాళ్ళని నిందించండి, తప్పులేదు. పాటని ఎందుకు నిందించడం?

రెండో ఆక్షేపణ: అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. ఇదీ నిజమే. సీసపద్యాలన్నీ ఒక్క అచ్చులోనివే గదా! ఛందస్సు ఒకటే అయినంత మాత్రాన శ్రీనాథుడి సీసమూ మన క్లాసు కవి రాసిన సీసమూ ఒకటవుతాయా? అచ్చు ఉండటం దోషం కాదు. అందులో పోసింది ఏమిటన్నదే ప్రశ్న. చెడ్డ పవర్ బ్యాలడ్లు కుప్పలున్నాయి. వాటిని ఎవరూ దాచుకోలేదు, కాలమే ఊడ్చేసింది.

మూడో ఆక్షేపణ కాస్త బరువైనది. దాన్ని చేసినవారు నా క్లాసులోని మిత్రురాళ్ళే. "ఈ పాటల్లో ఏడ్చేది ఎప్పుడూ మగవాడే. వదిలివెళ్ళిన అమ్మాయి ఎందుకు వెళ్ళిందో ఎవడైనా అడిగాడా?" అన్నారు. ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. 1980ల నాటి ఆ వీడియోల్లో ఆడపిల్ల చాలాచోట్ల అలంకారమే. వద్దన్న మనిషి వాకిట్లో నిలబడి గట్టిగా పాడటం ప్రేమనుకునే వెర్రి కొన్ని పాటల్లో ఉంది. అది ప్రేమ కాదని మనం, ముఖ్యంగా ఈ ప్రాంగణంలోని మగపిల్లలం, స్పష్టంగా అనుకోవాలి. అయితే ఈ జాతి పాటల్లో అన్నింటికన్నా ఎత్తుకి ఎగిరిన గొంతుల్లో ఆడవాళ్ళవి ఉన్నాయని కూడా మరవకూడదు. 1987లో హార్ట్ బృందం పాడిన 'అలోన్' వినండి. ఆన్ విల్సన్ గుసగుసలా మొదలుపెట్టి పల్లవికి చేరేసరికి, ఆమెకి ఎదురుగా నిలబడగల మగగొంతులు ఎన్ని ఉన్నాయో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

ఇక నాలుగోది, ఇదంతా మనకెందుకన్నది. దానికి ముందు రెండు ముక్కలు చెప్పాలి.

ఈ పాటలు సొంత గోడు వెళ్ళబోసుకోవడానికే పనికొస్తాయనుకుంటే పొరపాటు. 1989 ఆగస్టులో మాస్కో లెనిన్ స్టేడియంలో రెండు రోజులు రాక్ ఉత్సవం జరిగింది. పశ్చిమ జర్మనీనుంచి స్కార్పియన్స్ వెళ్ళారు. రష్యన్ కుర్రాళ్ళు, సైనికులు కలిసి ఊగిపోవడం చూసి వచ్చిన గాయకుడు క్లాస్ మైనె, 'విండ్ ఆఫ్ చేంజ్' రాశాడు. ఈలతో మొదలయ్యే పాట. ఆ నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. రికార్డు 1990లో వచ్చింది. 1991లో యూరపంతా దాన్నే పాడింది. ఆ డిసెంబరులో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. పాట గోడ కూల్చిందని నేననను. గోడలు కూలుస్తున్న మనుషులకి పాడుకోవడానికి ఒక పాట కావాలి గదా, అది ఇదయింది. 2022లో రష్యా సైన్యాలు యుక్రెయిన్ మీదికి వెళ్ళాక, అదే మైనె ఆ పాట మొదటి పంక్తులు మార్చి పాడాడు. రష్యాని ఆశల లోకంగా చూపే ఆ మాటలు ఇక యథాతథంగా పాడలేనని. తన పేరు తెచ్చిన పాటనే దిద్దుకునే ధైర్యం ఎందరికుంటుంది?

1991 సెప్టెంబరులో నిర్వాణ బృందం రికార్డు వచ్చి, కాటుకలూ తైలాలూ ఒక్క దెబ్బతో కొట్టుకుపోయాయి. పవర్ బ్యాలడ్ చచ్చిందని పత్రికలు రాశాయి. కాని ఆ ఏడే బ్రయాన్ ఆడమ్స్ పాట ఒకటి, రాబిన్ హుడ్ సినిమాలోది, బ్రిటన్‌లో వరసగా 16 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆ ఏడే ఇనప గొంతుల మెటాలికా 'నథింగ్ ఎల్స్ మాటర్స్' పాడింది. జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఒక చేత్తో ఫోను పట్టుకుని మాట్లాడుతూ, రెండో చేత్తో ఊరికే మీటిన గిటారు తీగల్లోంచి పుట్టిన పాట అది. బృందానికి వినిపించాలని కూడా అనుకోలేదట. గన్స్ అండ్ రోజెస్ వారి 'నవంబర్ రెయిన్' కూడా ఆ ఏటిదే. దాదాపు తొమ్మిది నిమిషాల పాట 1992లో అమెరికాలో మూడో స్థానానికి వెళ్ళింది. అంత పొడుగు పాట మొదటి పదిలోకి మళ్ళీ రావడానికి 2021 దాకా ఆగాల్సివచ్చింది. యూట్యూబు పుట్టకముందు తీసిన వీడియోల్లో వందకోట్లసార్లు వీక్షణ పొందిన మొదటిది కూడా అదే, 2018లో.

ఇదంతా ఎనభైలవాళ్ళు తమ యవ్వనాన్ని తలుచుకుని కార్చే కన్నీరేనని కొందరంటారు. అయితే ఈ ముక్క వినండి. 2020లో అమెరికాలో ఇరవై రెండేళ్ళ కవలపిల్లలిద్దరు, తాము ఎన్నడూ వినని పాత పాటలు వింటూ వీడియోలు తీసి పెట్టేవారు. 'ఇన్ ది ఎయిర్ టునైట్' విన్నారు. మూడున్నర నిమిషాలు దాటాక ఆ డ్రమ్ములు విరుచుకుపడగానే ఇద్దరూ కుర్చీల్లో అదిరిపడ్డారు. పాటలో ఇంత ఆలస్యంగా డ్రమ్ములు దింపడం తానెప్పుడూ చూడలేదన్నట్టు మాట్లాడాడు ఒకడు. ఆ వీడియో చూసి జనం మళ్ళీ ఆ పాట కొన్నారు. ఆ పిల్లలకి ఎనభైల జ్ఞాపకాలెక్కడివి? 2007లో జర్నీ బృందానికి గాయకుడు కావలసివస్తే, వాళ్ళు వెతికి పట్టుకున్నది ఎవరిని? మనీలాలో హోటళ్ళలో, క్లబ్బుల్లో వాళ్ళ పాటలే పాడుకుంటున్న ఫిలిప్పీన్స్ దేశపు ఆర్నెల్ పినేడాని, అదీ యూట్యూబులో చూసి. అంటే అమెరికన్ పాట ఆసియాలో బతికి, తన గొంతుని ఆసియానుంచి తిరిగి తెచ్చుకుంది. అదే బ్రయాన్ ఆడమ్స్ 2018లోనూ 2024లోనూ మన హైదరాబాదు వచ్చి పాడాడు. ఆయన పాత పాటలకి గొంతు కలిపినవాళ్ళలో, అవి వచ్చేనాటికి పుట్టనివాళ్ళు ఎందరో.

ఇప్పుడు ఆ నాలుగో ప్రశ్న: మనకెందుకు?

మా హాస్టల్లో ఒక మిత్రుడుండేవాడు. వాలీబాల్ జట్టులో ఆడేవాడు, ఎవరితోనైనా తగాదాకి ముందుండేవాడు. రెండో ఏడాదిలో వాళ్ళ నాన్నగారు పోయారు. దినవారాలు పూర్తిచేసుకుని గుండుతో తిరిగొచ్చాడు. ఎవరడిగినా "బాగానే ఉన్నాన్రా" అనేవాడు. మేమూ ఇంకేం అడగాలో తెలియక క్యారమ్స్ ఆడేవాళ్ళం. నెల తరవాత ఒక రాత్రి మేడమీద ఎవరో ఫోనులో మెటాలికా పాట పెట్టారు. మొదటి చరణం అందరం ఊరుకున్నాం. గిటార్లూ డ్రమ్ములూ కలిసే చోట వాడూ గొంతెత్తి పాడాడు. పాట అవుతుండగా చూస్తే వాడి మొహమంతా తడి. ఆ మోతలో వాడు ఏడవడం ఎవరికీ వినబడలేదు. మేమెవరం మాట్లాడలేదు. పాట అయ్యాక వాడే మళ్ళీ పెట్టమన్నాడు.

మగవాడు ఏడవకూడదని మనకి చిన్నప్పుడే నేర్పారు. "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అన్న మాట వినకుండా పెరిగిన మగపిల్లవాడు మన ఊళ్ళల్లో ఉన్నాడా? ఆ మాటలో ఆడపిల్లకీ అవమానమే, మగపిల్లవాడికీ శిక్షే. పరీక్ష పోయినా, ఇంట్లో మనిషి పోయినా, మనసు విరిగినా, వాడు గుటక మింగి నవ్వాలి. అలా మింగినది ఎక్కడికి పోతుంది? కొందరిలో కోపంగా, కొందరిలో సీసాగా, కొందరిలో ఇంకా భయంకరమైన రూపంలో తేలుతుంది. హాస్టళ్ళ సంగతి తెలిసినవారికి నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

పవర్ బ్యాలడ్ చేసిన ఉపకారం ఇదీ. అది మగవాణ్ణి "నువ్వు మెత్తబడు" అని అడగలేదు. అడిగితే వాడు పారిపోయేవాడు. నీ గట్టిదనం నీ దగ్గరే ఉంచుకో, నీ తోలు కోటు నీ ఒంటిమీదే ఉండనీ, ముందు ఒక్క చరణం మాత్రం నెమ్మదిగా నిజం చెప్పు, ఆ తరవాత ఎంత మోత కావాలన్నా నేను చేస్తాను అంది. నెమ్మదైన భాగంలో నిజం. మోత భాగంలో చాటు. ఆ చాటున కళ్ళు తుడుచుకోవచ్చు. పదిమంది కలిసి అరుస్తుంటే ఎవరి గొంతు వణికిందో ఎవరికీ తెలియదు. ఈ చాటు అవసరం లేని రోజు రావాలనే నా కోరిక. కాని వచ్చేదాకా ఈ పాటలు ఉంటాయి, ఉండాలి.

అంతేకాదు, ఇవి ఇంకో గుణం నేర్పుతాయి. గట్టిగా అరవగలిగినవాడు మొదట మెల్లిగా మాట్లాడటం. చేతిలో బలమున్నా నాలుగు నిమిషాలు ఆగడం. మన వక్తృత్వ పోటీల్లోనూ, ఎన్నికల సభల్లోనూ మొదటి వాక్యంనుంచే తారస్థాయి అందుకునే నాయకమిత్రులు ఈ పాటలు వింటే ఎంతో మేలని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఇంకొక్క మనవి. ఏటా మన యూనియన్ సాంస్కృతిక వారోత్సవాల్లో లలిత సంగీతానికి ఒక పూట, జానపద గీతాలకి ఒక పూట ఇస్తారు. అవి ఉండవలసినవే, ఒక్క నిమిషం కూడా తగ్గించమని నేననను. కాని పాశ్చాత్య గీతాలకి, మైకులు సర్దేసే వేళ, ఐదు నిమిషాలు పడేస్తారు. అంత తక్కువ వ్యవధిలో పాడేవాడు ఏం చేస్తాడు? నెమ్మదైన మొదటి భాగం కోసేసి, నేరుగా మోతలోకి దూకుతాడు. పెద్దలు "చూశారా, గోల!" అంటారు. ఆ పాటలో ఉన్న నెమ్మదిని వినే అవకాశం మనమే వాళ్ళకివ్వడం లేదు. వచ్చే ఏడు కార్యవర్గంవారు దీనికి ఒక పూర్తి గంట కేటాయించి, ముందు వరసలో మన అధ్యాపకుల్ని కూచోబెట్టాలని కోరుతున్నాను. తంబురా శ్రుతి ఎరిగిన చెవులకి ఆ షడ్జపంచమాలు పరాయివి కావు. మొదటి చరణం పూర్తిగా విని, ఆ తరవాత కూడా గోలే అనిపిస్తే అప్పుడు చెప్పమనండి.